మేరీ గలాంత్ కింది గది

“ఖలాస్ అండీ రెబెకా గారూ, కేసు అయిపోయింది,” అంటూ మంగరాజు తన ఫోను తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. “వాడి నోటితోనే వినండి.”

ఫోనులో స్వామి ఏడుస్తున్నాడు. నేలమీద కూలబడి తల బాదుకుంటూ, “మా బావను నేనే సంపిన” అన్నాడు. అంతే, అక్కడితో వీడియో ఆగిపోయింది.

రెబెకా ఇంకోసారి చూసింది. మూడోసారి చూడబోతుంటే మంగరాజు ఫోను లాక్కున్నాడు.

“మిగతాది ఏదండీ?” అంది రెబెకా.

“మిగతాదేముంది? చంపానన్నాడు, అయిపోయింది.”

“ఏడ్చేవాడు ఒక్క ముక్క అని ఊరుకోడు మంగరాజు గారూ. ఏడుపన్నాక వెనకా ముందూ ఉంటుంది. మీరు తోక కోసి తలకాయ చూపిస్తున్నారు.”

మంగరాజు నవ్వాడు. నవ్వితే అతని బుగ్గలు కదులుతాయి గానీ కళ్లు కదలవు. ఒకప్పుడు ఆంధ్రాలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు బహ్రెయిన్‌లో సఫ్రా ఏరో పార్ట్స్ కంపెనీకి సెక్యూరిటీ మేనేజరు. ఆ కంపెనీ చేసే పని పాత విమానాలు కొని, విడగొట్టి, పనికొచ్చే భాగాలు అమ్ముకోవడం. ముహర్రఖ్‌లోని వాళ్ల హ్యాంగర్లో ఇప్పుడున్నది ఒకటే విమానం. మారివోల్ అనే ఫ్రెంచి విహారయాత్రల కంపెనీది, పేరు మేరీ గలాంత్, అదొక ఫ్రెంచి దీవి పేరు. నిన్న సాయంత్రం గంగాప్రసాద్ అనే పనివాడు ఆ విమానం లోపల శవమై కనిపించాడు. పడి చచ్చిపోయాడనుకున్నారు మొదట. పొద్దున్న డాక్టరు చూసి, వెనకనుంచి ఇనుముతో కొట్టిన దెబ్బ అన్నాడు. ఆయన ఆ మాట అనేసరికే మంగరాజు దగ్గర వీడియో సిద్ధంగా ఉంది. చచ్చినవాడి బావమరిది స్వామి సెక్యూరిటీ గదిలో బందీ అయ్యాడు. నాలుగింటికి పోలీసులొచ్చి తీసుకుపోతారు.

విమానం బీమా చేసింది రెబెకా పనిచేసే కంపెనీ. అందులో మనిషి చస్తే వచ్చి చూసే హక్కు ఆమెకుంది. ఆ హక్కే లేకపోతే మంగరాజు ఆమెను గేటు దగ్గరే ఆపేసేవాడు. సిత్రాలో గోడౌను తగలబడినప్పుడు ఇతను కరెంటు షాకు అని రాసిస్తే, ఆమె నేల గీకి కిరోసిన్ వాసన చూపించింది. ఆనాటి మంట ఇద్దరికీ ఇంకా ఆరలేదు.

“స్వామితో మాట్లాడాలి. ఒంటరిగా,” అంది.

“కుదరదండి.”

“అయితే విచారణకి అడ్డుపడ్డారని రాసి ఇప్పుడే మా ఆఫీసుకి పంపేస్తాను. ఈ విమానం మీద రేపట్నుంచి బీమా ఉండదు. మీ సేఠ్‌కి ఆ కబురు మీరే చెప్పుకోండి.”

మంగరాజు తాళంచెవి బల్లమీద పడేశాడు. “పోలీసులొచ్చేదాకానే,” అన్నాడు.

*

స్వామి మూలన కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెబెకా నీళ్ల సీసా ఇస్తే చేతిలో పట్టుకున్నాడే గానీ తాగలేదు.

“తమ్ముడూ, నాతో అబద్ధం చెప్పకు. నువ్వు చంపావా?”

“నేనెందుకు సంపుత మేడం! నా చెల్లె మొగుడాయె. నేనే వీసా పంపి తోల్కచ్చిన. మా బావను నేనే సంపిన, ఊళ్లె మంచిగ మేస్త్రి పని జేసుకునేటోన్ని ఈ దుబాయికి తెచ్చి నేనే సంపిన అని ఒర్రిన. ఆ సారు ముందటి ముక్క ఒక్కటి ఉంచుకోని కడమది తీసేసిండు.”

“నీ పేరు రాసిన పాన శవం పక్కన దొరికిందట?”

“నా సంచి ఆడనే ఇడిశిపెట్టి కిందికి దిగిన మేడం. కోపంల దిగిన.”

“కోపం దేనికి?”

స్వామి తల దించుకున్నాడు. అలాగే చెప్పాడు. ఆయుష్షు తీరిన భాగాలకు ఎర్ర రంగు గుర్తు వేస్తారు. అలాంటిదాన్ని రెండు ముక్కలుగా కోసెయ్యాలి, మళ్లీ ఏ విమానానికీ బిగించడానికి లేకుండా. కోసే పని గంగాప్రసాద్‌ది. కొన్నాళ్లుగా గుర్తు వేసిన సామాను అతని రంపం దాకా రావడం లేదు. ఎక్కడికి పోతోందో గంగాప్రసాద్ కనిపెట్టాడు. ఫ్రాన్స్ నుంచి తనిఖీకి వచ్చే ఇంజనీరుకి చూపిస్తానన్నాడు.

“మనకెందుకు బావా, మన పాస్‌పోర్టులు ఆళ్ల చేతుల ఉన్నయి అన్న. ‘గా సామాను ఏసుకోని ఇమానం లేస్తది, అండ్ల పిల్లలు కూసుంటర్రా’ అన్నడు. మాటా మాటా పెరిగింది. సావుపో అన్న మేడం. గదే ఆఖరి మాట.” స్వామి మోకాళ్లలో మొహం పెట్టుకుని భోరుమన్నాడు.

రెబెకా పన్నెండేళ్లుగా చావులు చూస్తోంది గానీ, చివరిమాట మోస్తూ బతకాల్సినవాళ్లని చూడటం ఆమెకు ఇప్పటికీ అలవాటు కాలేదు. మనసు గట్టి చేసుకుని తన ఫోనులోని శవం ఫోటో ముందుకు పెట్టింది. నడవలో వెల్లకిలా పడి ఉన్నాడు గంగాప్రసాద్. కాళ్లకు పనిబూట్లు ఉన్నాయి, తాళ్లు కట్టి ఉన్నాయి, లోపల సాక్సులు లేవు.

“సాక్సులు లేకుండా ఆ ఇనప బూట్లు వేసుకుంటాడా మీ బావ?”

స్వామి ఏడుపు ఆపి ఫోటో వంక చూశాడు. “బూట్లే ఉండద్దు మేడం! పండుకునేకాడికి బూట్లతోని వోతమా? మెట్లమీదనే ఇడుస్తడు. సాక్సులు మడిశి తలకింద వెట్టుకుంటడు. కింద అర్రల దిండు పల్సగుంటది…” అని నాలిక కరుచుకున్నాడు.

“కింద అర్ర ఏమిటి?”

చెప్పనన్నట్టు తల ఊపాడు.

“ఇంకో గంటలో నిన్ను బేడీలేసి తీసుకెళతారు స్వామీ. ఏం దాస్తావో దాచుకో మరి.”

“జాన్ పాల్ అన్న నౌకరి పోతది మేడం! పాపం ఆయన సూశి సూడనట్టుంటడు,” అన్నాడు గబగబా. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పని ఆపాలని సర్కారు రూలు. అందరూ రేకుల షెడ్డులో పడుకుంటారు. వీళ్లిద్దరు మాత్రం విమానమెక్కేవాళ్లు. తోకవైపు బీరువాలాంటి తలుపు, దాని వెనక మెట్లు, కింద పడకలున్న చిన్న గది. పైలట్లూ ఎయిర్ హోస్టెస్‌లూ పడుకున్న పరుపుల మీద వీళ్లు పడుకునేవాళ్లు. నిన్న స్వామి దిగిపోయేసరికి గంగాప్రసాద్ ఆ పడకమీదే ఉన్నాడు.

శవం దొరికింది పైన నడవలో. ఆ గది సంగతి ఎవరికీ తెలియకూడదని పైకి మోసి, బూట్లు తొడిగి పడేశారన్నమాట. తొడిగినవాడికి సాక్సులు కనపడలేదు.

రెబెకా లేచింది. స్వామి ఆమె చున్నీ అంచు పట్టుకున్నాడు.

“పొద్దుగాల మా చెల్లె వినోద ఫోన్ జేసింది మేడం. అన్నా, నువ్వేనట గదనే, నిజమేనా అనడిగింది. లేదని జెప్పేలోపట్నే ఫోన్ గుంజుకున్నరు. జైలుకు పొమ్మంటె పోత. గని నా చెల్లె గట్లనే అనుకుంట బతుకుడు… నాతోని గాదు మేడం.”

*

విమానానికి పెట్టిన మెట్లు ఒక్కటే, ఎడమవైపు ముందు తలుపుకి. ఆ మెట్ల పక్కన కుర్చీలో కాపలా కూర్చునేది జాన్ పాల్. శుక్రవారం రెబెకా వెళ్లే తెలుగు క్రైస్తవ సహవాసంలో వాక్యం చదివేది అతనే. దారిలో దొరికిన పర్సు సొంతదారు కోసం మూడుచోట్ల ప్రకటన పెట్టినవాడు. భార్య జీవమ్మ జింజ్‌లో మంగరాజు ఫ్లాటులో వంట చేస్తుంది.

“వందనాలు సిస్టర్,” అని లేచి నిలబడ్డాడు.

“మెట్లెక్కింది ఎవరెవరు బ్రదర్?”

“ఇద్దరే. గంగాప్రసాదూ, స్వామీ. కేకలు వినపడ్డాయి. స్వామి దిగిపోయాడు. మళ్లీ నాలుగింటికి డ్యూటీ వాళ్లు ఎక్కేదాకా ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు.” జేబులోంచి చిన్న బైబిలు తీసి దానిమీద చెయ్యి పెట్టాడు. “ప్రభువు సాక్షిగా.”

రెబెకా నమ్మింది. జాన్ పాల్ బైబిలు పట్టుకుని అబద్ధమాడడు, ఇందులో ఆమెకు రెండో ఆలోచన లేదు. చిక్కల్లా అదే. అతను నిజం చెప్పినకొద్దీ స్వామి మెడకు ఉరి బిగుస్తోంది.

వెనకనుంచి మంగరాజు వచ్చాడు. “మీ సంఘం మనిషే కదండీ! మీ దేవుడి పుస్తకమే కదండీ! ఇంకేం కావాలి?”

“ఈ విమానంలో తోకవైపు కింద ఒక గది ఉంది. అది చూడాలి.”

“గదా? ఏ గదండీ?” మంగరాజు హ్యాంగరు గోడకున్న పెద్ద పటం దగ్గరికి ఆమెను తీసుకెళ్లాడు. విమానాన్ని నిలువునా చీల్చి చూపించే పటం అది. “ఇదిగో మారివోల్ వాళ్లిచ్చిన బొమ్మ. సిబ్బంది పడుకునేది పైనే, వెనక వరసల్లో తెర కట్టుకుని. కింద ఉన్నదంతా సామాను పెట్టుకునే చోటు. వాడేదో కథ చెప్పాడు, మీరు విన్నారు.”

రెబెకా కళ్లజోడు పెట్టుకుని పటం చూసింది. “బొమ్మ నిజమైనదే. కానీ ఇది మేరీ గలాంత్‌ది కాదండీ. దాని అక్కలది.”

మారివోల్ కథ రెబెకాకి కంఠతా వచ్చు. కిందటేడు ఈ విమానం ఇక్కడికి వచ్చినప్పుడు బీమా కోసం దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్విందామె. మార్సేలో టూరిస్టు బస్సులు నడుపుకునే ఒక ఆసామి, చలికి వణికే ఫ్రెంచివాళ్లను ఎండ కాసే దీవులకు తీసుకెళితే బాగుంటుందని ఒక ముసలి జంబో కొన్నాడు. రీయూనియన్, గ్వాడెలూప్, మార్టినిక్, మారిషస్. కొత్తగా పెళ్లయినవాళ్లూ, రిటైరైనవాళ్లూ, సెలవులకు సొంత దీవికి పోయేవాళ్లూ. సీట్లు ఇరుకు, టిక్కెట్టు చవక. ఒక్క జంబో నాలుగయ్యాయి. ఒక్కోదానికి ఒక్కో దీవి పేరు పెట్టుకున్నాడు. తర్వాత జంబోలు తాగే పెట్రోలుకి తట్టుకోలేక, వాటిని ఎడారికి తోలేసి, రెండింజన్ల ఎయిర్‌బస్ ఎ330లు మూడు కొత్తవి తెచ్చారు. గోడమీది పటం ఆ మూడింటిది.

“నాలుగోది కొత్తది కాదు మంగరాజు గారూ. ఇంకా దూరపు దీవులకి తిప్పాలని తూర్పుదేశపు కంపెనీ దగ్గర పాతది కొన్నారు. ఆ కంపెనీవాళ్లు సిబ్బంది కోసం కింద సామాను గదిలో పడకలు పెట్టించుకున్నారు, మారివోల్ వాళ్లు వాటిని తియ్యలేదు. తర్వాత కరోనా వచ్చింది, దీవులకు పోయేవాడు లేడు, కంపెనీ కోర్టుకెక్కి మూతపడింది. మూడు కొత్తవీ అమ్ముడుపోయాయి. ఎవరికీ అక్కర్లేని ఈ సవతిబిడ్డ ఇక్కడికి వచ్చింది. తోకమీద రంగు పెచ్చులూడినచోట చూడండి, కింద పాత కంపెనీ ఎరుపు కనిపిస్తుంది.”

మంగరాజు తోకవైపు చూడలేదు, ఆమెనే చూశాడు.

“పదండి. చూద్దాం,” అన్నాడు.

*

లోపల సీట్లు పీకేశారు. పైకప్పు పలకలు ఊడదీసి తీగలు వేలాడుతున్నాయి. నడవ చివర కడిగినా పోని మరక ఉంది. దానికి రెండడుగుల అవతల సీట్ల మెత్తలు గుట్టగా పేర్చి ఉన్నాయి. రెబెకా ఒక్కొక్కటీ తీసి పక్కన పడేసింది. మంగరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడే గానీ ఒక్కటైనా అందుకోలేదు. మెత్తల వెనక సన్నటి తలుపు బయటపడింది.

“అరె! ఉందండోయ్!” అన్నాడు మంగరాజు.

మెట్లు నిటారుగా ఉన్నాయి. టార్చి పట్టుకుని రెబెకా ముందు దిగింది. సగంలో ఫెడీమని ఆమె నుదురు అడ్డపట్టీకి కొట్టుకుంది. కళ్లు బైర్లు కమ్మాయి. టార్చి జారి కిందపడి ఆరిపోయింది. కటిక చీకటి. “అబ్బా!” అని నుదురు పట్టుకుని తడుముకుంటూ కిందికి చేరి పక్కకు తప్పుకుంది.

వెనక మంగరాజు దిగే చప్పుడు వినిపించింది. ఆమెకంటే తలెత్తు పొడుగు మనిషి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తగల్లేదు. సరిగ్గా ఆ చోట అతని ఊపిరి కిందికి వంగి మళ్లీ పైకి లేవడం ఆమెకు తెలిసింది.

గది ఉందనే తెలియదన్న మనిషి చీకట్లో తల వంచాడు!

రెబెకా వంగి టార్చి వెతికి వెలిగించి, “దెబ్బ గట్టిగా తగిలిందండీ,” అంది మామూలుగా.

“చూసుకోవాలి కదండీ,” అన్నాడు మంగరాజు అంతకంటే మామూలుగా. “ఇక్కడ అరిచినా పైకి వినపడేట్టు లేదు.”

ఆ మాట ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు. తామిద్దరూ పైకి రావడం జాన్ పాల్ చూశాడు, ఆ ధైర్యమొక్కటే ఆమెకున్నది.

అటు మూడు, ఇటు మూడు పడకలు. గదంతా ఫినాయిలు వాసన. చివరి పడకలో దిండు ఎత్తితే, మడతపెట్టిన సాక్సుల జత. ఫోటో తీసింది. ఆ పడక పక్కన గోడపలక మరలు కొత్తగా మెరుస్తున్నాయి. వేలితో తిప్పితేనే ఊడివచ్చాయి. పలక అవతల సామాను గది. టార్చి వెలుగు పెట్టెల మీద పడింది. పెట్టెల నిండా ఎర్ర గుర్తులున్న సామాను, ఏ ఒక్కదానిమీదా రంపపు గాటు లేదు.

“దీనికోసమే చంపారు,” అంది రెబెకా. “కుడివైపు సామాను తలుపులోంచి ఎక్కి, ఈ పలక తీసి వచ్చారు. పని చేసుకుని, శవాన్ని పైకి చేర్చి, వచ్చినదారినే పోయారు. మెట్లు ఎక్కనూ లేదు, దిగనూ లేదు.”

“బాగుందండీ. కానీ ఆ తలుపు లేవాలంటే బయట చేతిపంపు కొట్టాలి. హ్యాంగరుకి ఒకటే గేటు. ఎవడొచ్చినా జాన్ పాల్ కంట పడకుండా రాలేడు. మరి వాడు ఎవర్నీ చూళ్లేదే?” మంగరాజు ఒక్కొక్క మాటా ఒత్తి పలికాడు. “స్వామే కిందికి దిగి, అటు తిరిగొచ్చి చంపాడనుకోవచ్చు. నా కేసుకేం నష్టం లేదు. మీరింత కష్టపడి వాడికి దారి చూపించారంతే.”

రెబెకాకి ఒళ్లు మండింది. తల వంచడం నేరం కాదు. కోర్టులో చెబితే నవ్వుతారు. కంచే చేను మేసిందని తెలిసిపోయింది, చూసినవాడు కావాలి.

*

కిందికి దిగేసరికి పోలీసు బండి గేటు దాటి వచ్చింది. మంగరాజు చొక్కా సర్దుకుంటూ, విమానం ముక్కు చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్లాడు. రెబెకాకి నుదురు వాచింది. ఓడిపోయానన్న నీరసం వేరే. జాన్ పాల్ లేచి ఇచ్చిన కుర్చీలో కూలబడింది.

విమానం పొట్ట కింద ఈ చివరినుంచి ఆ చివరిదాకా చెక్కపెట్టెలు గోడలా పేర్చి ఉన్నాయి. నిలబడితే అవతల చీమ కూడా కనపడదు. కానీ పెట్టెలున్నది చక్రాల బండ్ల మీద. కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ బండ్ల కింది సందులోంచి అవతలి నేల కనిపిస్తోంది. ఆ నేలమీద రెండు కాళ్లు నడిచిపోతున్నాయి. ఎర్రటి తోలుబూట్లు, అద్దంలా మెరుస్తున్నాయి. ఈ హ్యాంగర్లో అందరివీ ఇనప ముక్కున్న నల్లబూట్లే. పోలీసు ఉద్యోగం పోయినా పోలీసు బూట్లు వదలనివాడు ఒక్కడే ఉన్నాడు.

రెబెకా మెల్లగా తలెత్తింది. జాన్ పాల్ మొహం పాలిపోయి ఉంది.

“నిన్న కూడా చూశావు కదూ?” అంది.

“మీరు మెట్లెక్కింది ఎవరని అడిగారు సిస్టర్,” అన్నాడు జాన్ పాల్, వినీ వినపడనట్టు. “నేను నిజమే చెప్పాను.”

“సిగ్గు లేదూ! దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టి సగం నిజం చెబుతావా? నీ మాట పట్టుకుని ఒక అమాయకుణ్ణి ఉరికంబానికి పంపిస్తున్నారు తెలుసా?” ఆమెకు తనమీద కూడా కోపం వచ్చింది. సంఘం మనిషి కదా అని అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు. కొత్తవాడైతే చొక్కా విప్పించి మరీ అడిగేది.

జాన్ పాల్ కళ్లవెంట నీళ్లు కారాయి. “బూట్లు గేటువైపునుంచి వచ్చాయి. సామాను తలుపు దగ్గర చాలాసేపు కనపడలేదు. మళ్లీ వెళ్లాయి. సాయంత్రం ఆయన నా భుజంమీద చెయ్యేసి, ‘మీ జీవమ్మ చేతివంట బాగుంటుందయ్యా’ అన్నాడు. ఇంకేమీ అనలేదు సిస్టర్. నా పెళ్లాం ఆయనింట్లో ఉంది.”

రెబెకాకి చెప్పమనడానికి నోరు రాలేదు, చెప్పొద్దనడానికీ రాలేదు.

సెక్యూరిటీ గది తలుపు తెరుచుకుంది. స్వామిని బేడీలతో బయటికి తెచ్చారు. పక్కన బహ్రెయినీ లెఫ్టినెంటు, వెనక మంగరాజు. రెబెకా ఎదురువెళ్లి లెఫ్టినెంటుకి సాక్సుల ఫోటో, గోడపలక ఫోటో చూపించింది. ఆయన శ్రద్ధగా చూశాడు. “కింద కూడా వెతుకుతాం మేడం. కానీ నేరం ఒప్పుకున్నవాడున్నాడు, ఇంకెవర్నీ చూసినవాడు లేడు,” అన్నాడు హిందీలో. స్వామిని బండివైపు నడిపించారు.

బండి ఎక్కబోతూ స్వామి వెనక్కి తిరిగాడు. “మేడం! మా వినోదకు మీరన్న జెప్పుండ్రి. అన్న గాదు అని జెప్పుండ్రి. నా మాట నమ్ముతదో నమ్మదో!”

పోలీసు అతని తలమీద చెయ్యి పెట్టి లోపలికి వంచాడు.

“సాబ్! ఏక్ మినిట్!”

జాన్ పాల్ గొంతు హ్యాంగరంతా మోగింది. పరిగెత్తుకుంటూ వచ్చి బండి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పేశాడు. కుర్చీ, బండ్ల కింది సందు, ఎర్రబూట్లు అన్నీ చెప్పాడు. “కావాలంటే ఆ కుర్చీలో కూర్చుని చూడండి సాబ్.”

“దేవుడిమీద ఒట్టేసి పూటకో మాటా?” అన్నాడు మంగరాజు.

“పూటకో మాట కాదు సార్. నిన్నటి మాటలో మిగిలిపోయినది. ప్రభువు నన్ను క్షమిస్తాడో లేదో, స్వామి చెల్లెలు క్షమించాలి ముందు.”

లెఫ్టినెంటు వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. వంగి చూశాడు. తిరిగొచ్చి మొదట మంగరాజు బూట్లవైపు, తర్వాత అతని మొహంవైపు చూశాడు. “రుకో,” అన్నాడు స్వామిని పట్టుకున్న పోలీసుతో. “బేడీలు తీయండి.” ఇంకో ఇద్దరు వచ్చి మంగరాజుకి అటూ ఇటూ నిలబడ్డారు.

రెబెకా స్వామిని అడిగి తన ఫోనులో వినోద నంబరు కలిపి అతని చేతికిచ్చింది. “చెల్లే…” అన్నాడు. అవతల ఆడగొంతు ఏదో అడుగుతోంది, అడుగుతూనే ఉంది. చివరికి రెబెకా వంగి, “అమ్మా వినోదా, మీ అన్న కాదమ్మా. చూసినవాళ్లున్నారు,” అని గట్టిగా చెప్పింది. అవతల గొల్లుమని ఏడుపు లేచింది. స్వామి ఆ ఫోను చెవికి అదుముకుని నేలమీద కూర్చుండిపోయాడు.

జాన్ పాల్ కూడా ఫోను తీశాడు. “జీవమ్మని ఆ ఇంట్లోంచి బయటికి రమ్మంటాను సిస్టర్. ఇక్కడికే రమ్మంటాను. ట్యాక్సీ ఎక్కి వచ్చెయ్యమంటాను,” అంటూ నంబరు నొక్కాడు.

ఫోను మోగింది.

మోగింది అతని చెవిలో కాదు. నాలుగడుగుల అవతల, ఇద్దరు పోలీసుల మధ్య నిలబడ్డ మంగరాజు ప్యాంటుజేబులో.

లెఫ్టినెంటు ఆ జేబులో చెయ్యిపెట్టి ఫోను బయటికి తీశాడు. పాతది, మూలన అద్దం పగిలింది. తెరమీద పెళ్లిబట్టల్లో జాన్ పాల్ ఫోటో వెలిగి ఆరుతోంది. జాన్ పాల్ తన ఫోను చెవినుంచి దించలేదు. “జీవమ్మా,” అన్నాడు. “జీవమ్మా, ఎత్తవే.”

రెబెకా మంగరాజు మీదికి వెళ్లి కాలరు పట్టుకుంది. “ఆమె ఏదిరా?”

మంగరాజు బుగ్గలు కదిలాయి.

“నిన్న నేనెక్కడున్నానో కనిపెట్టడానికి మీకింతసేపు పట్టింది,” అన్నాడు. “ఆమె ఎక్కడుందో కనిపెట్టడానికీ అంతసేపు పడితే, అప్పటిదాకా ఆమెకు గాలి ఆడదండీ, రెబెకా గారూ.”